పొయ్యిలో పెట్టిన పెన్సిల్ కాగితాలు

1984 జూన్ 11, సోమవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నేను ఎడిటర్‌నయ్యాను. ఆ పనికి ఆ పేరుందని అప్పటికి నాకు తెలియదు. ప్రూఫులు దిద్దే ఉద్యోగం అడుగుదామని విజయనగరంలో ఒక అచ్చాఫీసుకి వెళ్ళాను. యజమాని గున్నయ్యశెట్టి గారు ఒక రాతప్రతి నా ముందు పడేసి, గోడగడియారం చూసి, "గంట టైమిస్తన్నాను. ఇందులో తప్పులెన్నున్నాయో సెప్పు పాపా" అన్నారు.

గంట అయ్యాక, "ఆరు తప్పులున్నాయండి. కానీ అవి దిద్దినా ఈ పుస్తకం ఎవరూ చదవరు" అన్నాను.

"ఏటి?"

"పెళ్ళితో మొదలుపెట్టారు. ఆ పెళ్ళి ఎవరిదో ఎనిమిదో పేజీ దాటేదాకా చెప్పలేదు. అంతవరకూ వంటలే."

ఆయన ఆ ఎనిమిది పేజీలూ తీసి పక్కన పెట్టారు. తొమ్మిదో పేజీ నుంచి గట్టిగా చదవమన్నారు. కళ్ళు మూసుకుని విన్నారు. నాలుగు పేజీలయ్యాక చెయ్యెత్తి ఆపి, మళ్ళీ గడియారం చూశారు. "పదకొండూ ఇరవై. ఈ ముక్క పట్టుకోడానికి నాకు పన్నెండేళ్ళు పట్టినాది. రేపట్నించి వచ్చీ" అన్నారు.

ఈ మధ్య ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కొందరు, ఇన్నేళ్ళు ఏం చేశారు మేడం అని అడుగుతున్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. జీతం సంగతి రాయను. రాసినా రెండు వాక్యాలు దాటదు.

గున్నయ్యశెట్టి గారి పద్ధతి

ఆ రోజుల్లో మా వైపు ఎడిటరంటే పేపర్లో పనిచేసేవాడు. పుస్తకానికి ఎడిటరేమిటి? రాసినవాడు తెచ్చిస్తాడు, అచ్చాఫీసు అచ్చేస్తుంది. గున్నయ్యశెట్టి గారు మాత్రం తనకు నచ్చిన రాతప్రతి వస్తే నేరుగా అచ్చుకి పంపేవారు కాదు. ఆయనకొక పద్ధతి ఉండేది. ఇంకెక్కడా ఆ పద్ధతి నేను వినలేదు.

ముందు నేను రాతప్రతి మీద పెన్సిల్‌తో మార్పులు గుర్తుపెట్టాలి. తరవాత రచయిత ఇంటికి వెళ్ళి, మార్చినది మార్చినట్టుగా గట్టిగా చదివి వినిపించాలి. రచయిత ఒప్పుకున్నది ఉంటుంది, ఒప్పుకోనిది పోతుంది. ఆపైన రచయిత పుస్తకం మొత్తం తన చేత్తో మళ్ళీ సాఫుగా రాసి ఇవ్వాలి. అచ్చుకి వెళ్ళేది ఆ సాఫుప్రతి మాత్రమే. నా పెన్సిల్ గీతలున్న కాగితాలు ఆ ఇంట్లోనే, నా కళ్ళముందే, పొయ్యిలో పెట్టించాలి.

"తగలెట్టడం ఎందుకండీ?" అని మొదట్లో అడిగాను.

"అచ్చాఫీసు కుర్రోళ్ళు సూస్తే రేపీపాటికి ఊరంతా తెలిసిపోతాది. ఫలానాయన పుస్తకం ఒక ఆడపిల్ల రాసిందట అనీస్తారు. ఆయన మళ్ళీ కలం పట్టగలడేటి? పాపా, ఇది మంత్రసాని పని. బిడ్డని పట్టుకోవాల, బొడ్డు కొయ్యాల, తల్లి పక్కలో ఎట్టీసి సేతులు కడుక్కోవాల. బారసాలకి పిలిస్తే ఎళ్ళు. పిలకపోతే ఎందుకు పిల్లేదని అడక్కు."

మంత్రసానితనం మీద మనకొక మోటు సామెత ఉంది. దాన్ని కూడా ఆయన పూర్తిగా చెప్పారు. నేను ఇక్కడ రాయను.

ఆయన పుస్తకం మీద నా పేరు ఎప్పుడూ వేయలేదు. వేయమని నేను అడగలేదు. నాకు పని దొరికింది, పనిలో రుచి దొరికింది. దొరకవలసింది ఇంకొకటి కూడా ఉందని అప్పుడు తోచలేదు.

పదకొండు పేజీల బండి ప్రయాణం

నేను చేరిన మూడో ఏట, రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన తన జీవితకథ తెచ్చారు. బొబ్బిలి దగ్గర ఇల్లు. మంచి కథ, పొదుపైన మాట. ఒక్కచోటే ఏమైందో, టెక్కలి నుంచి పర్లాకిమిడికి ఎడ్లబండిలో వెళ్ళిన ఒక ప్రయాణం పదకొండు పేజీలు రాశారు. ఎద్దుల పేర్లు, ఎక్కడ నీళ్ళు తాగించారు, ఏ చెట్టు దగ్గర ఎంత నీడ ఉంది, ఎన్నో మైలురాయి దగ్గర చక్రానికి ఏమైంది, ఇవే. బండి పర్లాకిమిడి చేరినట్టు కూడా రాయలేదు. ఆ పదకొండు పేజీలూ ఒక్క గీతతో కొట్టేశాను. నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

వాళ్ళింట్లో చదివి వినిపించాను. ఆ భాగం వదిలేసి ముందుకి వెళ్ళాక ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "ఇది తీసేశానండి, ఏమంటారు?" అంటే, "మీకెలా తోస్తే అలాగే" అన్నారు.

మజ్జిగ కోసం వంటింట్లోకి వెళ్తే ఆయన భార్య నా వైపు చూడకుండానే చెప్పింది. "ఆ బండిలో మా పెద్దపిల్ల ఉన్నాదమ్మా. జొరం. ఆసుపత్రికి తీసుకెళ్తన్నాం. సేరనేదు. ఆయన దాని పేరు ఎప్పుడూ ఎత్తరు. ఎడ్ల పేర్లే సెప్తారు."

బయటికి వచ్చి ఆ పదకొండు పేజీలూ ఉన్నవి ఉన్నట్టు పెట్టేశాను. ఆయన ఎందుకని అడగలేదు. పుస్తకం వచ్చాక చదివిన ప్రతివాళ్ళూ ఆ ప్రయాణం విసుగు పుట్టించిందనే అన్నారు. అననిమ్మని ఊరుకున్నాను.

పిల్లలకి చెప్పేది ఇది. బాగా రాయగలిగినవాళ్ళు ఒక్కచోట నీరసంగా రాశారంటే, అక్కడ చెయ్యి ఊరికే తడబడి ఉండదు. కొట్టేసే ముందు అడగండి. ఒక్కోసారి అడిగాక కూడా కొట్టేయకూడదు. మంచి పుస్తకం చెయ్యడం ఒకటే మన పని అనుకుంటే ఈ ముక్క మీకు ఎక్కదు.

మూడో అధ్యాయం

1992 నాటి మాట. ఆమదాలవలసలో ఉండే ఒక బడిపంతులు, పేరు సూర్యనారాయణ, ఉప్పు గోనెసంచిలో ఆరువందల నలభై కాగితాలు వేసుకుని పాసింజరు బండిలో వచ్చాడు. నా కంటే మూడేళ్ళు చిన్న. వాళ్ళ అమ్మ నౌపడ ఉప్పుమడుల్లో కూలి చేసి అతన్ని చదివించింది. ఆ మడుల్లోనే పోయింది. పుస్తకం ఆవిడ గురించి.

మొదటి రోజే నన్ను "అప్పా" అన్నాడు. మా వైపు అక్కని అలాగే పిలుస్తారు. నేను సూర్నాణా అన్నాను.

రెండేళ్ళు దాని మీద పనిచేశాం. ఆదివారాలు నేను పాసింజరు ఎక్కి ఆమదాలవలస వెళ్ళేదాన్ని. అతని భార్య పైడమ్మ అన్నం పెట్టేది. ఆరువందల నలభై కాగితాలు రెండువందల పన్నెండయ్యాయి. తగ్గించడానికి అతను పెద్దగా పేచీ పెట్టలేదు. పేచీ అంతా ఒక్కదాని మీద వచ్చింది. అతను తల్లి చావుని పుస్తకం చివర పెట్టాడు. నేను దాన్ని మూడో అధ్యాయంలోకి తెచ్చాను.

"మా యమ్మని నలభయ్యో పేజీలోనే సంపీమంటావేటప్పా?"

"చివర పోతే చదివేవాళ్ళు ఏడ్చి పుస్తకం మూసేస్తారు. ముందే పోతే ఆవిడ లేకుండా మిగిలిన ప్రతి పేజీ నువ్వు దాటాలి. చదివేవాళ్ళూ నీతో దాటాలి. నువ్వు అలాగే కదా బతికావు?"

"నీకు అమ్మున్నాది. నీకేటి తెలుస్తాది?"

అప్పటికి మా అమ్మ ఉంది. కాగితాలు అక్కడే వదిలి పాసింజరు ఎక్కాను. తరవాత మూడు ఆదివారాలు నేను వెళ్ళినా అతను గదిలోంచి బయటికి రాలేదు. పైడమ్మే నాకు అన్నం పెట్టి పంపేసింది. నాలుగో ఆదివారం గుమ్మంలోనే ఎదురొచ్చి గొంతు తగ్గించి చెప్పింది. "రాస్తన్నారొదినా. నువ్వు సెప్పినట్టే. ఏడుస్తన్నారు, రాస్తన్నారు. లోపలికెళ్ళకు."

సాఫుప్రతి పూర్తయిన రోజున పెన్సిల్ కాగితాలన్నీ పైడమ్మ నీళ్ళపొయ్యిలో పెట్టింది. "ఒదినా, నీ గీతలు బలేగ మండుతున్నాయి. రేపట్నించి పిడకలొద్దు, నువ్వే వచ్చీ" అని నవ్వింది. ముగ్గురం నవ్వాం.

ఆ పుస్తకం పేరు ఇక్కడ రాయను. మా వైపు పుస్తకాలు చదివేవాళ్ళకి తెలుసు. సభలు జరిగాయి. శ్రీకాకుళంలో జరిగిన సభకి వెళ్ళి మూడో వరసలో కూర్చున్నాను. తల్లి చావుని అంత ముందే ఎందుకు పెట్టారని ఎవరో అడిగారు. "ఏటో తెలీదండి, సెయ్యి అలాగ రాసీసింది" అన్నాడు సూర్నాణ. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నాకు కోపం రాలేదు. పద్ధతి అదే కదా అనుకున్నాను.

ఆ తరవాత అతనివి ఇంకో నాలుగు పుస్తకాలు చేశాం. గున్నయ్యశెట్టి గారు పోయారు. 2009లో అచ్చాఫీసు మూతపడింది. అప్పటినుంచి ప్రతి గురువారం సాయంత్రం ఏడింటికి సూర్నాణ ఫోన్ చేసేవాడు. ఆ వారం రాసింది చదివి వినిపించేవాడు. "ఇక్కడ గాలాడ్డం లేదు" అని నేనంటే, "నాకు తెలుసప్పా, నువ్వంటావేటో అని సూసినాను" అనేవాడు. నేను పెళ్ళి చేసుకోలేదు. దానికీ ఈ ఉద్యోగానికీ సంబంధం లేదు. విజయనగరంలో రెండు గదుల అద్దె వాటాలో ఒక్కదాన్నే ఉంటాను. వారంలో మిగిలిన రోజుల్లో ఇస్త్రీ అతనితో, పాలప్యాకెట్ల అతనితో మాట్లాడతాను. ఏడింటి ఫోను ఉన్నంతకాలం అది తక్కువ అనిపించలేదు.

సంఘం

నిరుడు ఆగస్టులో శ్రావణి అనే అమ్మాయి ఫోన్ చేసింది. ముప్పై ఏళ్ళుంటాయి. విశాఖపట్నంలో ఉండి ప్రచురణకర్తలకి పుస్తకాలు ఎడిట్ చేస్తుంది. వాళ్ళు కొందరు కలిసి ఎడిటర్ల సంఘం ఒకటి పెట్టుకున్నారు. నేను ఒకప్పుడు పుస్తకం చేసిపెట్టిన ఒక లెక్చరర్ నా పేరు చెప్పిందట. "ఒక్కసారి వచ్చి చూడండి మేడం" అంది.

వెళ్ళాను. ఒక మేడ మీద హాలు, పద్నాలుగు మంది, ప్లాస్టిక్ కుర్చీలు. మొదటి గంట పేజీకి ఎంత అడగాలి అన్న దాని మీద పోట్లాడుకున్నారు. నాకు విసుగొచ్చింది. తరవాత ఒక కుర్రాడు లేచి, "చెత్త వాక్యం కొట్టేస్తే నాకేం కాదండి. మంచి వాక్యం, కానీ అక్కడ ఉండకూడనిది, కొట్టేసిన రోజు అన్నం సయించదు" అన్నాడు. ఇంకొకావిడ, "నేనైతే దాన్ని నోట్లో నోట్లో చదువుకుని మరీ కొట్టేస్తాను" అంది.

నలభై ఏళ్ళుగా నేను చేస్తున్నది అదే. అలా చేసేది నేనొక్కదాన్నే అనుకున్నాను. భోజనం పొట్లం విప్పి కూర్చున్నాను గానీ కాసేపు తినలేకపోయాను.

సంఘంలో చేరాలంటే నియమం ఒకటుంది. మీరు పుస్తకం చేసిపెట్టిన ముగ్గురు రచయితలు, మీరేం చేశారో ఫోన్లో స్వయంగా చెప్పాలి. పుస్తకాల మీద పేరు లేని నాలాంటివాళ్ళకి అదే దారి. లెక్చరర్ చెప్పింది. పార్వతీపురంలో ఒక పశువుల డాక్టరు చెప్పారు. మూడో పేరుగా ఇంకెవరిదైనా ఇవ్వగలిగేదాన్ని, బతికున్నవాళ్ళు మరో నలుగురున్నారు. నేను సూర్నాణ పేరు ఇచ్చాను. నా జన్మలో ఒక్క పుస్తకం సరిగ్గా చేశానంటే అది అదే. అది నా చేతుల మీదుగా వెళ్ళిందని ఈ పనిచేసే ఒక్క మనిషికైనా తెలియాలనిపించింది. దాచడమెందుకు, నాకు కావలసింది సంఘం సభ్యత్వం కాదు, ఆ మాట.

గురువారం ఫోన్లో అతనికి ముందే చెప్పాను. "సంఘం నుంచి అడుగుతారు సూర్నాణా. జరిగింది చెప్పు చాలు."

"దానికేటప్పా, సెప్తాను. నువ్వు అడగాలా?" అన్నాడు.

ఫోను

సెప్టెంబరులో ఒక ఆదివారం శ్రావణి మా ఇంటికి వచ్చింది. ఇద్దరం కూర్చుని ఉండగానే అతనికి ఫోన్ చేసి, నాకూ వినబడేలా స్పీకరు పెట్టింది. సత్యవతి మేడం మీ పుస్తకానికి ఎడిటర్‌గా పనిచేశారట కదా సార్ అని అడిగింది.

"సత్యవతమ్మగారా? మా అప్పండి. తోడబుట్టినదాని కన్నా ఎక్కువ."

"పుస్తకానికి ఏమేం చేశారు సార్?"

"ప్రూఫులు సూసీది. బలేగ సూసీదిలెండి. ఒక్క తప్పు దాటితే ఒట్టు."

శ్రావణి నా వైపు చూసింది. "అధ్యాయాల వరస మార్చడం, కుదించడం, ఇలాంటివి?"

"అయ్యన్నీ నేనేనమ్మా. మొత్తం సేత్తో తిరగరాసినాను. అప్ప ఆదివారాలొచ్చి ఇనీది. మంచి సెవి ఆవిడిది."

ఊరుకుని ఉండవచ్చు. ఊరుకోలేదు. "సూర్నాణా, నేను ఇక్కడే ఉన్నాను" అన్నాను.

"ఇంటన్నావేటప్పా? మరి నేను సెప్పినదాంట్లో తప్పేటున్నాది?" అన్నాడు. దొరికిపోయినవాడి గొంతు కాదది. నిజంగానే అడుగుతున్నాడు.

"అమ్మ చావుని మూడో అధ్యాయంలోకి ఎవరు తెచ్చారు?"

"నేనే గదా."

"సూర్నాణా."

"మూడు వారాలు గదిలో కూకొని ఏడిసి తెచ్చినానప్పా. నువ్వెరగవేటి? పైడమ్మ సూసినాది. అది కూడా నీదే అంటావా ఇప్పుడు?"

ఆ ఏడుపు అతనిదే. అందులో నాకు వాటా లేదు. రెండువందల పన్నెండు పేజీలూ అతని చేత్తో రాసినవే. నేను చెప్పింది ఒక ఆదివారం మధ్యాహ్నం నాలుగు మాటలు. అతను వాటిని తన సిరాతో రాసుకున్నాడు, తన కన్నీళ్ళతో రాసుకున్నాడు. ముప్పై ఏళ్ళకి అవి ఎవరివో అతని చేతికే గుర్తు లేదు. అతను అబద్ధం చెప్పలేదని నేను అప్పుడే అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. గున్నయ్యశెట్టి గారి పద్ధతి సాధించింది అది. ఊరివాళ్ళ దగ్గర రచయిత పరువు కాపాడాలని పెట్టిన పద్ధతి, రచయిత దగ్గర కూడా నన్ను లేకుండా చేసింది.

అతనే ఫోన్ పెట్టేశాడు.

"మేడం, మీ మాట నేను నమ్ముతున్నాను" అంది శ్రావణి.

"నమ్మడం మీ నియమాల్లో లేదు కదమ్మా. ఇంకో పేరు ఇస్తాను రాసుకో" అన్నాను.

ఇంకో పేరు ఇచ్చాను. ఆయన సంతోషంగా చెప్పారు. అక్టోబరులో నన్ను చేర్చుకున్నారు.

పైడమ్మ

ఆ గురువారం ఏడింటికి ఫోన్ రాలేదు. తరవాతి గురువారమూ రాలేదు. మూడో వారం నేను చేస్తే పైడమ్మ తీసింది.

"ఒదినా, ఆ ఫోనొచ్చినకాణ్ణించి మడిసి మడిసినాగ నేరు. అప్ప నన్ను దొంగని సేసీసిందంటన్నారు. నీ గీతలు పొయ్యిలో ఎట్టింది నాను కాదేటి? నాకు తెల్దా? ఆ పాప నెంబరియ్యి, ఉన్నదున్నట్టు నాను సెప్తాను."

"వద్దు పైడమ్మా."

"ఎందుకొద్దు?"

"నువ్వూ కాదన్నాక ఆయన ఎవరి ఇంట్లో ఉంటాడు? ఆ పుస్తకం ఒక్కటే ఆయనకి అమ్మ."

"నీకేటున్నాది మరి?" అంది. వెక్కిరింపు కాదు, పైడమ్మ అడిగే తీరే అంత. నేను కూర ఏం వండావని అడిగాను. ఆనపకాయ అని చెప్పింది.

మిగిలిన మాటలు

పద్ధతిలో సగం ఉంచుకోండి. రచయితకి గట్టిగా చదివి వినిపించండి. కంప్యూటర్ తెర మీద ఎర్రగీతలు పెట్టి పంపిస్తే రచయిత వాటిని ఒప్పుకుంటాడు, లేదా కోప్పడతాడు. వినడు. వింటేనే పుస్తకం మారుతుంది.

రెండో సగం వదిలేయండి. మార్పులున్న ప్రతి ఒకటి మీ దగ్గర ఉంచుకోండి, ఒకటి రచయితకి ఇవ్వండి. తగువుకి వెళ్ళడానికి కాదు. ఇరవై ఏళ్ళ తరవాత ఎవరేం చేశారో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూసుకోవడానికి. మనిషి జ్ఞాపకం మీద అంత బరువు పెట్టకూడదు. నేను పెట్టాను. మా ఇద్దరిలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు, అయినా విరిగింది.

పేరు వేయమని మొదటి రోజే అడగండి. అప్పుడు అది పనిలో ఒక షరతు. చివర్లో అడిగితే దొంగతనం అంటగట్టినట్టుంటుంది. గున్నయ్యశెట్టి గారు నాకు పని నేర్పారు, అంతకంటే మంచి గురువు నాకు దొరకడు. ఈ ఒక్క విషయంలో ఆయన తప్పు. మంత్రసానిని వీధిలో వాళ్ళందరూ ఎరుగుదురు. నన్ను ఎవరూ ఎరగరు.

సంఘానికి ప్రతి నెలా వెళ్తున్నాను. రైల్లో రానూ పోనూ పుస్తకం చదువుకుంటాను. అందరికన్నా పెద్దదాన్ని, గౌరవంగానే చూస్తారు. మొన్న, మీరు చేసిన పుస్తకాల్లో మీకు ఇష్టమైనది చెప్పమని ఒక్కొక్కరినీ అడిగారు. నా వంతు వచ్చేసరికి గేదెల జబ్బుల మీద డాక్టరు గారు రాసిన పుస్తకం అన్నాను. నవ్వారు. శ్రావణి నవ్వలేదు.

పోయినవి ఇవి. అచ్చాఫీసు ఒకటి. గున్నయ్యశెట్టి గారు. నా పెన్సిల్ పడిన నూట నాలుగు పుస్తకాల కాగితాలు, ఒక్క ఠావు కూడా మిగలకుండా. గురువారాలు, ఇది రాసేనాటికి ముప్పై ఒకటి. అప్పా అని పిలిచే మనిషి ఒకడు. అతను రాస్తున్న ఆరో పుస్తకంలో, ఫోన్లో నాకు చదివి వినిపించిన అరవయ్యో పేజీ తరవాతిదంతా.